మెట్రో పక్కన స్థలం కొనే ముందు: విశాఖలో ల్యాండ్ యూజ్ ఎలా చూసుకోవాలి

విశాఖలో స్థలాలు అమ్మేవాళ్ల బ్రోషర్ ఏది తెరిచినా ఇప్పుడు ఒకటే పాట. మెట్రో స్టేషన్‌కి అయిదు నిమిషాలు, భోగాపురం ఎయిర్‌పోర్టుకి ఇరవై నిమిషాలు, మాస్టర్ ప్లాన్ రోడ్ ఫేసింగ్. ఇందులో పచ్చి అబద్ధం తక్కువే ఉంటుంది. కానీ ఆ స్థలంలో మీరు ఏం కట్టుకోవచ్చో, ఎంత కట్టుకోవచ్చో ఆ మూడింట్లో ఏదీ చెప్పదు. ఆ సర్వే నంబరుకి మాస్టర్ ప్లాన్‌లో ఏ ల్యాండ్ యూజ్, అంటే ఏ వాడకం, పడింది, ముందున్న రోడ్డు కాగితం మీద ఎంత వెడల్పు, సముద్రం, కొండ, గెడ్డ (వాగు), నేవీ, దేవస్థానం వీటిలో ఎవరి నిబంధన దాని మీదికి వస్తుంది, ఇవన్నీ తేలాక అప్పుడు మెట్రో సంగతి మాట్లాడుకోవాలి. జనం ఈ వరుస తిరగేసి చూస్తున్నారు. ముందు మెట్రో మ్యాప్ చూసి మనసు పడి, అడ్వాన్స్ ఇచ్చి, ఆ తర్వాత తీరిగ్గా కాగితాలు అడుగుతున్నారు.

మన ఊరికి భూమి కరువు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కైలాసగిరి, సింహాచలం కొండ, యారాడ కొండ, మధ్యలో పోర్టు, నేవీ, స్టీల్ ప్లాంట్. హైదరాబాద్‌లా నాలుగు వైపులా పాకడానికి లేదు కాబట్టి భూమి లెక్కలో మనది సగం దీవి కిందే లెక్క. ఇలాంటి చోట చివరి గజం మీద కూడా ఎవరిదో ఒకరిది రూల్ ఉంటుంది.

ముందు సర్వే నంబరు

లొకేషన్ పిన్ పంపిస్తాను సార్, వచ్చి చూసుకోండి అంటారు. పిన్‌తో పని లేదు. గ్రామం, మండలం, సర్వే నంబరు, దాని సబ్‌డివిజన్ అడగండి. లేఅవుట్ అయితే ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, కూడా. విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వుడా పోయి 2018లో దాని చోట వీఎంఆర్‌డీఏ వచ్చినా అందరూ ఇంకా వుడా అప్రూవ్డ్ అనే అంటారు, దాంట్లో తప్పేం లేదు, ఎల్పీ నంబరు చెప్పి అప్రూవ్ అయిన లేఅవుట్ కాపీ చూపిస్తే చాలు. నంబరు చెప్పడానికి నసిగేవాడి దగ్గర మాట అక్కడితో ఆపేయండి. ఎవరైనా కొనేస్తారేమో అని దాస్తున్నాం అనేది సాకు.

నంబరు చేతికొచ్చాక మీభూమి సైట్‌లో అడంగల్, 1-బి చూడండి. భూమి జిరాయితీనా (సొంత పట్టా భూమి), డి-పట్టానా (ప్రభుత్వం పేదలకి ఇచ్చినది), ప్రభుత్వ భూమా అన్నది ఇక్కడే మొదటి సంకేతం దొరుకుతుంది. డి-పట్టా అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఉంది, దాని మీద లాయర్ లేకుండా ఒక్క అడుగు వేయకండి. తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి, పనిలో పనిగా నిషేధిత ఆస్తుల జాబితా, అదే 22-ఎ, చూడండి. ఇవన్నీ ఫోన్‌లో అయ్యే పనులే, ఒక సాయంత్రం చాలు. ఎఫ్‌ఎంబీ స్కెచ్, అంటే సర్వే నంబరు కొలతల పటం, మాత్రం సర్వేయర్ దగ్గర కూర్చుని చూస్తేనే అర్థమవుతుంది, ఎందుకు కావాలో కింద చెబుతాను.

ఇప్పుడు రంగుల మ్యాప్

వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్ 2041 అని ఒకటుంది. దాని మ్యాపుల్లో మీ గ్రామం వెతికి సర్వే నంబరు దాకా పెద్దది చేయండి. మామూలుగా పసుపు నివాసం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమలు, ఎరుపు స్కూళ్లు ఆస్పత్రుల లాంటి పబ్లిక్ వాడకం, ఆకుపచ్చ రకాలు పార్కులకి, వ్యవసాయానికి, అడవికి. కానీ రంగుని గుర్తుపెట్టుకోకుండా ప్రతిసారీ మ్యాప్ పక్కన ఉండే సూచికలోనే సరిచూసుకోండి. ఆకుపచ్చలో నాలుగు రకాలుంటాయి, ఫోన్ స్క్రీన్ మీద అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఇక్కడ కొంచెం ఆగి చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి, రంగు సర్వే నంబరు గట్టు దగ్గరే మారాలని లేదు. ఒక్కోసారి నంబరు మధ్యలోంచి అడ్డంగా గీత పోతుంది, రోడ్డు వైపు పసుపు, వెనక వైపు ఆకుపచ్చ. అమ్మేవాడు ముందు భాగం చూపించి ఎల్లో జోనే సార్ అంటాడు, మీకు రాసేది వెనక సబ్‌డివిజన్. రెండోది ఇంకా ముఖ్యం. మ్యాప్ మీద రెండు సమాంతర గీతలు, మధ్యలో 18 అనో 30 అనో 60 అనో అంకె ఉంటే అది రాబోయే మాస్టర్ ప్లాన్ రోడ్డు, మీటర్లలో. మాస్టర్ ప్లాన్ రోడ్ ఫేసింగ్ అని బ్రోషర్‌లో రాసింది ఈ రోడ్డు గురించే. అయితే ఆ గీతలు స్థలం ముందు నుంచి పోతున్నాయా, స్థలం మీద నుంచి పోతున్నాయా? ఇప్పుడున్న ఇరవై అడుగుల దారి ముందు ముందు 18 మీటర్లు కావాలంటే రెండు వైపులా జరగాలి, ఆ జరిగేది మీ స్థలంలోకే. రేపు ప్లాన్‌కి పెట్టినప్పుడు రోడ్డులో పోయే భాగాన్ని గిఫ్ట్ డీడ్ రాసి వదిలితే తప్ప ముందుకు కదలదు. దానికి బదులు టీడీఆర్ బాండు (పోయిన భూమికి బదులుగా ఇచ్చే కట్టుకునే హక్కు) లాంటిది రావచ్చు, రూల్ ప్రకారం ఏదొస్తే అది. కానీ 200 గజాలకి డబ్బు కట్టి 140 గజాల్లో ఇల్లు కట్టుకోవడం ఎలా ఉంటుందో ఒకసారి కాగితం మీద గీసుకోండి, చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాకులు తీసేశాక హాల్లో సోఫా పడుతుందో లేదో తెలుస్తుంది.

మ్యాప్ చూడటం మీ తృప్తికి. పనికొచ్చేది ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్. గ్రామం, సర్వే నంబరు, స్కెచ్ జతచేసి వీఎంఆర్‌డీఏకి ఫీజు కట్టి అప్లై చేస్తే ఫలానా నంబరు మాస్టర్ ప్లాన్ ప్రకారం ఫలానా వాడకంలో ఉంది, ఇంత రోడ్డు దీన్ని తాకుతోంది అని రాతపూర్వకంగా ఇస్తారు. అమ్మేవాడు తెచ్చిన పాత సర్టిఫికెట్ మీద ఆధారపడకండి, తేదీ చూడండి, మాస్టర్ ప్లాన్‌కి సవరణలు నడుస్తూనే ఉంటాయి. కొత్తది మీ పేరున తీయించుకోండి.

నాలా అయిపోయింది సార్ అని ఒక కాగితం చూపిస్తారు. నాలా అనేది వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చినందుకు రెవెన్యూ వాళ్లకి కట్టిన డబ్బుకి రుజువు. జోనింగ్ దానికి సంబంధం లేని సంగతి. నాలా కట్టిన భూమి మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయం రంగులోనే ఉండొచ్చు. ఆ నాలా చట్టాన్నే ఎత్తేయాలని ప్రభుత్వం 2025లో నిర్ణయించింది కాబట్టి ఆ కాగితానికి మరీ అంత విలువ ఇవ్వనక్కర్లేదు.

మరి జోన్ మార్పించుకోవచ్చు కదా అంటే, ల్యాండ్ యూజ్ మార్పుకి దారి ఉంది. దరఖాస్తు, అభ్యంతరాల పిలుపు, ప్రభుత్వ ఉత్తర్వు, మార్పిడి ఛార్జీలు. అయ్యేవి అవుతాయి. కానీ మార్పు వచ్చేస్తుంది, ఫైల్ అమరావతిలో ఉంది అన్న మాట మీద పసుపు రేటు పెట్టి ఆకుపచ్చ భూమి కొనడం జూదం. ఫైల్ అంత దగ్గరికి వచ్చి ఉంటే అమ్మేవాడు ఇంకో ఆర్నెల్లు ఆగి రెట్టింపు రేటుకి అమ్ముకుంటాడు గానీ మీకెందుకు ఇస్తాడు?

ఎన్ని అంతస్తులు

యూట్యూబ్‌లో ముంబై, ఢిల్లీ వీడియోలు చూసి మెట్రో వస్తే ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం సైజుకి ఎన్ని రెట్లు కట్టొచ్చనే అంకె) పెరుగుతుంది అని చెప్పేవాళ్లు తయారయ్యారు. మన రాష్ట్రంలో చాలా ఏళ్లుగా ఎత్తు తేలేది ఎఫ్‌ఎస్‌ఐ అంకెతో కాకుండా ముందున్న రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాకులతో. 2017 బిల్డింగ్ రూల్స్‌లో పట్టికలుంటాయి, తర్వాత సవరణలూ వచ్చాయి, మీ ఎల్‌టీపీని, అంటే ప్లాన్లు గీసే లైసెన్స్ ఉన్న నిపుణుణ్ణి, కూర్చోబెట్టి ఇవాళ్టి పట్టిక ప్రకారం లెక్క వేయించండి. కొనే ముందే వేయించండి, అయిదారు వేలకి చూసుకుంటే లక్షలు మిగిలే పని. స్టేషన్‌కి ఆనుకుని ఉన్నా ముందు ఇరవై అడుగుల సందు ఉంటే అక్కడ టవర్ లేవదు. స్టేషన్‌కి కిలోమీటరు దూరంలో ఎనభై అడుగుల రోడ్డు మీదున్న స్థలానికి దానికంటే ఎక్కువ సత్తా ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొంటుంటే ఈ లెక్కంతా బిల్డర్‌ది, మీరు అప్రూవ్డ్ ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయో, కడుతున్నవి ఎన్నో లెక్కపెట్టి, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఏపీ రెరా సైట్‌లో ప్రాజెక్ట్ నంబరు కొట్టి చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం గానీ ఎనిమిది దాటిన ఫ్లాట్లు గానీ ఉంటే రెరా తప్పనిసరి.

మన ఊరికే ఉన్న తలనొప్పులు

బీచ్ రోడ్డు పొడవునా భీమిలి దాకా సీఆర్‌జెడ్, అంటే తీరంలో కట్టడాల మీద ఆంక్షలుండే జోన్. హై టైడ్ లైన్ (పోటు నీళ్లు చేరే గీత) నుంచి 500 మీటర్ల దాకా దాని పరిధి. ఆ లైన్ అంటే మీరు ఆదివారం వెళ్లి చూసిన ఇసుక అంచు అనుకోకండి, అధికారిక మ్యాప్‌లో గీసి ఉంటుంది. బాగా కట్టడాలు వచ్చేసిన నగర ప్రాంతం సీఆర్‌జెడ్-2 కిందికి వస్తుంది, అక్కడ ఇప్పటికే ఉన్న రోడ్డుకి భూమి వైపు మాత్రమే కట్టుకోనిస్తారు, సముద్రం వైపు కాదు. ఊళ్లూ తోటలూ ఉన్న చోట సీఆర్‌జెడ్-3, అక్కడ కట్టకూడని మేర 2011 నోటిఫికేషన్‌లో 200 మీటర్లు, 2019లో వచ్చినదాంట్లో జనసాంద్రత ఎక్కువున్న చోట్లకి 50కి తగ్గించారు. ఏది ఎక్కడ వర్తిస్తుందో రాష్ట్ర కోస్టల్ జోన్ అథారిటీ మ్యాప్‌తోనే తేలుతుంది. సముద్రం ఒక్కటే కూడా కాదు, ఆటుపోటు నీళ్లు ఎక్కి దిగే ఉప్పు కాలువల గట్లకీ సీఆర్‌జెడ్ ఉంది, ఈ సంగతి చాలామందికి ఫైల్ వెనక్కి వచ్చాకే తెలుస్తుంది. సీ వ్యూ అని గజానికి పదివేలు ఎక్కువ పెట్టే చోటే ఈ చెక్ రెండుసార్లు చేయాలి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల చుట్టుపక్కల అయితే ఇంకో జాగ్రత్త, అది జాతీయ భూవారసత్వ ప్రదేశం.

ఇక గెడ్డలు. ఎఫ్‌ఎంబీ చూడమన్నది దీనికోసమే. కొండ మీంచి వచ్చే గెడ్డ ఎండాకాలంలో కనిపించదు, చదును చేసి రాళ్లు పాతేస్తే అసలే కనిపించదు. సర్వే స్కెచ్‌లో మాత్రం రెండు వంకర గీతలుగా అలాగే ఉంటుంది. స్థలంలో నిలబడి స్కెచ్‌ని ఉత్తరానికి తిప్పి పట్టుకుని, పైన కొండవాలు ఎటుంది, కింద కల్వర్ట్ ఎక్కడుంది చూడండి. ఎగువన హైవే కింద తూము ఉండి, దిగువన ఇంకో లేఅవుట్‌లో సిమెంట్ కాలువ ఉండి, మధ్యలో మీ ప్లాటు మాత్రం శుభ్రంగా చదునుగా ఉందంటే నీళ్లు ఎటు పోతున్నాయని అడగండి. రూల్స్‌లో గెడ్డకి, చెరువుకి బఫర్ వదలాలి, పది హెక్టార్లు దాటిన చెరువుకి 30 మీటర్లు. వానాకాలంలో ఒకసారి వెళ్లి చూస్తే రూల్ బుక్ అక్కర్లేదు.

విమానాశ్రయం నేవీది కాబట్టి ఎన్‌ఏడీ, షీలానగర్, గోపాలపట్నం వైపు ఎత్తు మీద నేవీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) గొడవ ఉంటుంది. విమానాలన్నీ భోగాపురం పోతే ఇక్కడ ఆంక్షలు పోతాయి అని కొందరు అమ్ముతున్నారు. అక్కడున్న నేవీ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా ఎక్కడికీ పోవట్లేదు. కంబాలకొండ అభయారణ్యం అంచున ఎకో సెన్సిటివ్ జోన్, రైల్వే హద్దుకి దగ్గరైతే రైల్వే ఎన్‌ఓసీ, ఇవి ఎల్‌టీపీకి గుర్తుచేస్తే చాలు.

పంచగ్రామాల సంగతి విడిగా చెప్పాలి. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఇక్కడ దశాబ్దాల నాటిది. తరాలుగా ఇళ్లు కట్టుకుని ఉంటున్నవాళ్లకే రిజిస్ట్రేషన్లు, ప్లాన్లు కదలక ఇబ్బంది పడుతున్నారు. చిత్రమేంటంటే బీఆర్‌టీఎస్ కారిడార్ వేసింది సింహాచలం మీదుగానే. రోడ్డు వెడల్పు చేశారు, ఇళ్ల ముందు భాగాలు పోయాయి, బస్సుల కోసం మధ్యలో వరుసలు విడగొట్టారు. బస్సు గుమ్మం ముందుకి వచ్చింది, భూమి హక్కు మాత్రం ఎక్కడున్నది అక్కడే. రవాణా వస్తే అన్నీ సర్దుకుంటాయి అనేవాళ్లని ఒకసారి అటు తీసుకెళ్లండి.

ఇప్పుడు మెట్రో

2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన మొదటి దశ 46.23 కిలోమీటర్లు, మూడు కారిడార్లు. పెద్దది స్టీల్ ప్లాంట్ నుంచి గాజువాక, ఎన్‌ఏడీ, గురుద్వారా, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ మీదుగా కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్లు. గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసుకి 5.07, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరుకి 6.75. కొమ్మాది నుంచి భోగాపురం దాకా పోయే 30.67 కిలోమీటర్లు రెండో దశ. అంటే కొమ్మాది దాటి ఆనందపురం వైపు మెట్రో పక్కనే అని ఎవరైనా అమ్మితే వాళ్లు అమ్ముతున్నది రెండో దశని, మొదటిదే ఇంకా పట్టాల మీద తిరగకముందు. పైగా హైవే మీద చాలా దూరం కింద ఫ్లైఓవర్, పైన మెట్రో అనే డబుల్ డెక్కర్ ఆలోచన ఉంది. డబుల్ డెక్కర్ వచ్చే చోట స్టేషన్ మెట్లు, ర్యాంపులు ఎక్కడ దిగుతాయో వాటికి ఎవరి స్థలం కావాలో చూసుకోవాలి. హైవేని ఆనుకున్న షాపు కొనేవాళ్లకి మెట్రో వరమూ కావచ్చు, సేకరణ నోటీసూ కావచ్చు.

ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్, టీఓడీ, అని ఒక మాట వినిపిస్తోంది కదా. స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఇళ్లు, ఆఫీసులు, దుకాణాలు దట్టంగా కలిపి కట్టనిచ్చి, పార్కింగ్ తగ్గించి, ఫుట్‌పాత్‌లు పెంచడం దాని సారాంశం. కేంద్రం 2017లో తెచ్చిన టీఓడీ విధానంలో ఆ దూరం 500 నుంచి 800 మీటర్లు, పది పన్నెండు నిమిషాల నడక. అదే ఏడు వచ్చిన మెట్రో రైల్ పాలసీ కూడా దీన్ని అడుగుతుంది, దాంతోపాటు పెరిగిన భూమి విలువలో కొంత ఛార్జీల రూపంలో రాబట్టుకోమని కూడా చెబుతుంది. ఈ రెండో ముక్క బ్రోషర్లలో కనిపించదు. స్టేషన్ పక్కన ఎక్కువ కట్టుకోనిస్తే ఎక్కువ ఫీజూ ఉంటుంది.

అసలు విషయం ఏంటంటే కేంద్రం విధానం రాసినంత మాత్రాన మీ సర్వే నంబరుకి ఏమీ ఒరగదు. స్టేషన్ల చుట్టూ టీఓడీ జోన్ గీసి, హద్దులు సర్వే నంబర్లతో సహా నోటిఫై చేసి, బిల్డింగ్ రూల్స్‌లో దానికి విడిగా చోటిస్తేనే అక్కడ లెక్క మారుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ నంబరు నోటిఫై అయిన టీఓడీ జోన్‌లో ఉందా? జీవో నంబరు చెప్పండి. చెప్పలేకపోతే మామూలు జోన్ రేటుకే బేరమాడండి.

నిజంగా దీవి మీదున్న ఊరు హోనలూలు చూడండి, అమెరికాలో హవాయి రాజధాని. అక్కడ 1961లో వచ్చిన చట్టం కింద రాష్ట్రం మొత్తం భూమి ఇప్పుడు నాలుగు రకాలుగా విడగొట్టి ఉంది: పట్టణ, గ్రామీణ, వ్యవసాయ, సంరక్షణ. స్కైలైన్ అనే ఎలివేటెడ్ రైలు వేయడానికి 2008లో జనం ఓటేశారు, మొదటి రైలు తిరిగింది 2023 జూన్‌లో, అదీ పడమర కొసన కపోలేయి వైపు పొలాల దగ్గర నుంచి స్టేడియం దాకా. ఎయిర్‌పోర్టు దాటి వచ్చేసరికి 2025 అక్టోబర్. లైన్ పోయే దారిలోనే హోపిలి అని సుమారు 1,500 ఎకరాల సాగు భూమి ఉండేది. రైలు వస్తోంది కదా అని అది దానంతటది ప్లాట్లయిపోలేదు, 2012లో ల్యాండ్ యూజ్ కమిషన్ పట్టణ భూమిగా మార్చింది, దాని మీద కోర్టుకెక్కారు, 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించాకే ఆ గొడవ తేలింది. స్టేషన్ల చుట్టూ టీఓడీ రూల్స్ కూడా ప్రాంతానికో ప్లాన్ చొప్పున విడిగా రాసి సిటీ కౌన్సిల్‌లో పాస్ చేసుకున్నారు. ఓటుకీ రైలుకీ మధ్య పదిహేనేళ్లు. మీరు బ్యాంక్ లోన్ మీద కొంటుంటే ఆ పదిహేనేళ్ల ఈఎంఐ ఒక్కసారి లెక్కేసుకోండి.

స్టేషన్‌కి దూరం కొలిచేటప్పుడు మ్యాప్ మీద వృత్తం గీయకండి. ఎండాడ దగ్గర కొండ అడ్డం ఉంటుంది, హైవే దాటడానికి చోటు ఎక్కడో ఉంటుంది, లేఅవుట్ కాంపౌండ్ గోడ చుట్టి రావాలి. సాయంత్రం ఆరింటికి, ట్రాఫిక్ టైములో, స్టేషన్ రాబోయే చోటు నుంచి ప్లాటు దాకా నడవండి, వీలైతే ఇంట్లో పెద్దవాళ్లని వెంటపెట్టుకుని. అయిదు నిమిషాలు అన్నది కారులో, అదీ తెల్లవారుజామున అని తెలుస్తుంది.

అన్నీ సరిపోయాయి అనుకుంటే అడ్వాన్స్ దగ్గర గట్టిగా ఉండండి. ముందు చిన్న మొత్తం మాత్రం, చెక్కుగానే ఇవ్వండి, అగ్రిమెంట్‌లో సర్వే నంబరు సబ్‌డివిజన్‌తో సహా రాయించి, ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌లో నివాసం అని రాకపోయినా, రోడ్డు గీత స్థలంలో ఫలానా గజాలకి మించి పడినా, 22-ఎలో కనిపించినా డబ్బు ఇన్ని రోజుల్లో వెనక్కి ఇస్తాను అని విడిగా ఒక షరతు పెట్టించండి. నిజాయితీగా అమ్మేవాడికి దీంతో పోయేదేం లేదు, సంతకం పెడతాడు. నమ్మకం లేదా సార్ మా మీద అని నొచ్చుకుంటే ఒక కాఫీ తాగించి, సర్టిఫికెట్ వచ్చాక కలుద్దాం అని చెప్పి వచ్చేయండి.